అడవి క్రోకస్ దుంప: తినొచ్చనడానికి ఆధారం ఎంత?

కుంకుమపువ్వు మొక్కకు అడవిలో చుట్టాలు చాలా ఉన్నాయి. వాటిలో క్రోకస్ క్యాన్సెల్లేటస్ దుంపను జనం తిన్నారనడానికి రాతపూర్వక ఆధారం ఉంది. డమాస్కస్ బజారులో దాన్ని తినడానికే అమ్మేవారని వృక్షశాస్త్ర గ్రంథాల్లో నమోదైంది. టర్కీ, సిరియా, లెబనాన్ రాతినేలల్లో పెరిగే ఈ మొక్క శరదృతువులో, ఆకులు రాకముందే పూస్తుంది.

దుంపను చేతిలోకి తీసుకుంటే ఆ పేరెందుకు పెట్టారో అర్థమవుతుంది. లాటిన్‌లో క్యాన్సెల్లేటస్ అంటే జాలీలా అల్లుకున్నది. పైన గరుకు నారల వల ఉంటుంది. అది ఒలిస్తే లోపల తెల్లగా, గట్టిగా ఒకే ముద్ద. ఉల్లిగడ్డలా పొరలు ఉండవు. కాండం అడుగుభాగమే ఉబ్బి పిండిపదార్థాన్ని దాచుకుంటుంది. దుంపను తవ్వితే మొక్కను తీసేసినట్టే.

టర్కీలోని మధ్య అనటోలియా పల్లెల్లో మరికొన్ని క్రోకస్ జాతుల దుంపలు తింటారు. వసంతం మొదట్లో పిల్లలు వాటిని తవ్వుకొచ్చి, ఇల్లిల్లూ తిరిగి గోధుమరవ్వ, వెన్న పోగుచేస్తే, అన్నీ కలిపి పిలావ్ వండుతారు. ఇదే ప్రాంతంలో ప్రాచీన కాలంలో హిట్టైట్లు అనే జనం వసంతంలో ఒక మొక్క పేరుతో పెద్ద పండుగ చేసేవారు. ఆ మొక్క క్రోకసే కావచ్చని కొందరు పండితులు ప్రతిపాదించారు. ఆ ఊహ నన్నూ ఆకర్షిస్తుంది. కానీ నడుమ మూడు వేల ఏళ్లు గడిచాయి. నేల ఒకటే అయినంత మాత్రాన ఆచారం ఒకటే అనలేం.

పూల విషయంలో ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. మనం పాలలో వేసుకునే కుంకుమపువ్వు సాగుమొక్క క్రోకస్ సటైవస్‌ది. అందులోనూ వాడేది ఎర్రటి కీలాగ్రాలనే. తినొచ్చన్న ఆ భరోసాను అడవి జాతులన్నిటికీ పంచలేం.

ఎక్కువ ప్రమాదం పేరులో ఉంది. 'శరదృతువు క్రోకస్' అని ఇంగ్లీషువాళ్లు పిలిచే కాల్చికం అసలు క్రోకసే కాదు, కుటుంబమే వేరు. విచ్చిన పువ్వులో కేసరాలు లెక్కపెడితే తేడా తెలుస్తుంది: క్రోకస్‌కు మూడు, కాల్చికానికి ఆరు. పువ్వు రాలిపోయాక ఆ లెక్కకు వీలుండదు. కాల్చికంలో ఉండే కాల్చిసిన్ అనే విషం ఉడికించినా పోదు.

తెలుగువారికి ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. మన కంచెల్లో ఎరుపు, పసుపు రేకులతో పూసే అడవినాభి ఆ కాల్చికం కుటుంబానిదే. దాని దుంపలోనూ ఉన్నది కాల్చిసినే. చిలగడదుంప అనుకుని దాన్ని తిని చనిపోయినవారున్నారు.