వెబ్‌లో దొంగ సాక్ష్యాలు: బ్లాక్ హ్యాట్ ఎస్ఈఓ చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• సెర్చ్ ఇంజన్లు పేజీలకు స్థానాలు నిర్ణయించే పద్ధతి ఎలా మారిందో వివరించగలుగుతారు.
• ఆ పద్ధతిని వంచించే ప్రయత్నాలను కాలక్రమంలో గుర్తించగలుగుతారు.
• వాటి వల్ల నష్టపోయేది ఎవరో, శిక్షించేది ఎవరో చర్చించగలుగుతారు.

1. ప్రస్తావన

మీరు సెర్చ్ ఇంజన్‌లో ఒక మాట టైపు చేయగానే పేజీల పెద్ద జాబితా వస్తుంది. వాటిలో మనం సాధారణంగా తెరిచేవి మొదటి కొన్ని మాత్రమే. అందువల్ల ఆ జాబితాలో పై స్థానం వ్యాపారులకు విలువైనదయింది. పేజీని ఉపయోగకరంగా రాసి, సెర్చ్ ఇంజన్‌కు సులభంగా అర్థమయ్యేటట్లు అమర్చడాన్ని సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్, క్లుప్తంగా ఎస్ఈఓ అంటారు. ఇందులో తప్పు లేదు. సెర్చ్ ఇంజన్ నియమాలను ఉల్లంఘించి, పేజీకి లేని యోగ్యతను ఉన్నట్లు చూపడమే బ్లాక్ హ్యాట్ ఎస్ఈఓ. పాత అమెరికన్ కౌబాయ్ సినిమాల్లో దుష్టపాత్రలు నల్లటోపీ పెట్టుకోవడం పరిపాటి. ఆ పోలికతో ఈ పేరు ముందు హ్యాకర్లకు, తరువాత ఈ పనికి స్థిరపడింది.

2. మాటల నుంచి లింకులకు

1995 డిసెంబరులో ప్రారంభమైన ఆల్టావిస్టా వంటి తొలితరం సెర్చ్ ఇంజన్లు ప్రధానంగా పేజీలోని మాటలను చూసి స్థానం నిర్ణయించేవి. మోసగాళ్లకు ఇది తేలికయింది. తెల్లని పేజీపై తెల్లని అక్షరాలతో ఒకే మాటను పదేపదే రాసేవారు. అవి పాఠకుడి కంటికి కనబడవు, యంత్రం మాత్రం వాటిని లెక్కలోకి తీసుకుంటుంది. పేజీ తన గురించి తాను చెప్పుకున్నదాన్ని నమ్మడమే ఆ పద్ధతిలోని లోపం.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ మరో మార్గం ఎంచుకున్నారు. ఒక పరిశోధనా వ్యాసం విలువను దాన్ని ఇతరులు ఎంతగా ఉటంకించారో చూసి అంచనా వేయడం విద్యారంగంలో ఉన్నదే. అదే విధంగా, ఒక పేజీకి ఇతరులు ఇచ్చే లింకులను సాక్ష్యాలుగా వారు పరిగణించారు. ప్రాముఖ్యం ఉన్న పేజీ ఇచ్చే సాక్ష్యానికి ఎక్కువ బరువు ఇచ్చారు. ఈ లెక్కకు పేజ్‌ర్యాంక్ అని పేరు. 1998లో వారు స్థాపించిన గూగుల్‌కు ఇదే పునాది.

సాక్ష్యానికి విలువ రాగానే దొంగ సాక్ష్యం పుట్టింది. పరస్పరం లింకులు ఇచ్చుకోవడానికే సృష్టించిన వెబ్‌సైట్ల గుంపులు వచ్చాయి. లింకులు అమ్మే వ్యాపారం మొదలైంది.

3. రెండు ఉదాహరణలు

2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ కార్ల సంస్థ జర్మన్ వెబ్‌సైటును గూగుల్ తన జాబితా నుంచి తొలగించింది. ఆ సైటు సెర్చ్ ఇంజన్‌కు పాత కార్ల గురించిన మాటలతో నిండిన పేజీలను చూపి, వినియోగదారుని మాత్రం వేరే పేజీకి మళ్లించేది. ఆ పేజీలను తీసివేసిన తరువాత కొద్ది రోజులకే సైటు మళ్లీ జాబితాలో చేరింది.

రెండో ఉదాహరణ అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణాల సంస్థది. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీన్ని బయటపెట్టింది. దుస్తులు, పరుపు దుప్పట్లు, కర్టెన్లు వంటి ఎన్నో మాటలకు ఆ సంస్థ నెలల తరబడి మొదటి స్థానంలో నిలిచింది. ఆ సైటుకు లింకులిచ్చిన వేలాది పేజీలలో వ్యాధులు, కార్లు, కుక్కలు, గురక వంటి విషయాలకు చెందినవి ఉన్నాయి. లింకుల సంగతి తమకు తెలియదని సంస్థ చెప్పి, తన ఎస్ఈఓ సలహాదారును తొలగించింది. గూగుల్ చర్య తీసుకోగానే లివింగ్ రూమ్ ఫర్నిచర్ అన్వేషణలో ఆ సంస్థ రెండు గంటల వ్యవధిలో 1వ స్థానం నుంచి 68వ స్థానానికి పడిపోయింది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. క్రిస్మస్ అమ్మకాల కాలంలో ఆ సంస్థ మొదటి స్థానంలోనే ఉంది. శిక్ష ఆ తరువాత వచ్చింది. ఆ కాలంలో కిందికి నెట్టబడిన నిజాయితీ గల వ్యాపారులకు పోయిన అమ్మకాలను ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

4. శిక్ష తెచ్చిన కొత్త ప్రమాదం

2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పును ప్రవేశపెట్టింది. కృత్రిమ లింకులు పోగుచేసుకున్న సైట్ల స్థానాలు దీనితో పడిపోయాయి. అయితే దొంగ సాక్ష్యం శిక్షకు దారితీస్తుందని తెలిశాక, పోటీదారు సైటుకే చెడ్డ లింకులు తగిలించి దాన్ని దెబ్బతీయవచ్చనే భయం కలిగింది. అదే సంవత్సరం అక్టోబరులో, తమకు సంబంధం లేని లింకులను లెక్కించవద్దని సైటు యజమానులు కోరే సదుపాయాన్ని గూగుల్ కల్పించింది. అంటే, ఇతరులు పెట్టిన లింకులపై కూడా నిఘా ఉంచే భారం చిన్న యజమానిపై పడింది.

5. న్యాయమూర్తి ఎవరు?

ఈ నియమాలను రాసేది, అమలు చేసేది ఒక ప్రైవేటు సంస్థ. లింకుల వ్యాపారంతో సంబంధమున్న సెర్చ్‌కింగ్ అనే సంస్థ, తన స్థానాన్ని గూగుల్ కావాలనే తగ్గించిందని అమెరికాలో దావా వేసింది. 2003లో ఓక్లహామాలోని ఫెడరల్ కోర్టు ఆ దావాను కొట్టివేసింది. పేజ్‌ర్యాంక్ అనేది ఒక అభిప్రాయమని, దానికి వాక్‌స్వాతంత్ర్య రక్షణ ఉంటుందని తేల్చింది. 2012 జనవరిలో మాత్రం, డబ్బిచ్చి రాయించిన ప్రచారం బయటపడినప్పుడు గూగుల్ తన సొంత క్రోమ్ బ్రౌజరు పేజీ స్థానాన్నే తగ్గించుకుంది.

దీన్నిబట్టి, నియమాలు గూగుల్‌వి కనుక వాటిని ఉల్లంఘించడం తప్పు కాదని కొందరు వాదిస్తారు. ఈ వాదన సగమే నిజం. ఒక సంస్థకు అంత అధికారం ఉండవచ్చా అన్నది న్యాయమైన ప్రశ్నే. కాని దొంగ లింకు వల్ల మోసపోయేది గూగుల్ ఒక్కటే కాదు. వెతికే మనిషి, నిజాయితీగా పనిచేసే పోటీదారు కూడా మోసపోతారు. వారిద్దరూ ఆ నియమాలు రాయలేదు.

6. సారాంశం

సెర్చ్ ఇంజన్ ముందు మాటలను, తరువాత లింకులను నమ్మింది. ఏ గుర్తును నమ్మితే ఆ గుర్తుకు నకిలీ తయారైంది. రేపు మీరు ఒక చిన్న వ్యాపారానికి వెబ్‌సైటు నడపవలసి వస్తే, తక్కువ ఖర్చుతో మొదటి స్థానం ఇప్పిస్తామనే వారిని ఏం చేసి ఇప్పిస్తారో ముందుగా అడగండి. పని వారు చేసినా, స్థానం పోగొట్టుకునేది మీ సైటే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పేజ్‌ర్యాంక్ తొలితరం పద్ధతి కంటే ఏ విధంగా భిన్నమైనది?
2. జేసీ పెన్నీ ఉదంతంలో శిక్ష నష్టానికి తగినదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
3. సెర్చ్‌కింగ్ తీర్పు ఆధారంగా, స్థానాలు నిర్ణయించే అధికారానికి హద్దులు ఉండాలా అన్నది చర్చించండి.