పడిన ముక్కల జ్ఞాపకం: పేకాట, చట్టం, రాజాం ప్రాంతం

పేకాటలో పడిన ముక్కలను మనసులో లెక్కపెట్టుకోవడం 1960వ దశకంలో రెండు దేశాలలో రెండు భిన్న ఫలితాలనిచ్చింది. అమెరికాలో గణితాచార్యుడు ఎడ్వర్డ్ థోర్ప్ 1962లో ‘బీట్ ద డీలర్’ ప్రచురించి, బ్లాక్‌జాక్ కట్టలో మిగిలిన పదుల నిష్పత్తిని గమనించేవాడికి ఆధిక్యం దక్కే సందర్భాలున్నాయని నిరూపించాడు. కాసినోలు కట్టల సంఖ్యను పెంచాయి, లెక్కించేవారిని వెలివేశాయి. తెలుగునాట అదే జ్ఞాపకశక్తి నిందితులకు రక్షణ అయింది.

సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై హైదరాబాదు జూద చట్టం కింద కేసు నడిచింది. హైకోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టగా రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా వెలువరించిన తీర్పు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. మూడు ముక్కలాట కేవలం అదృష్టం. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది విడవాలో తేల్చుకోవాలి కనుక అది ప్రధానంగా నైపుణ్యమన్నది తీర్పు సారాంశం.

పదమూడు ముక్కలాట తెలిసినవారికి ఈ తర్కం కొత్త కాదు. రెండు కట్టలతో ఆడేటప్పుడు ప్రతి ముక్కా రెండేసి ఉంటుంది. ఆఠీను ఏడు రెండూ పడిపోయి, పై ముక్కల కింద కప్పడిపోతే, ఆరు, ఎనిమిది పట్టుకొని కూర్చున్నవాడికి జోకరే దిక్కు. బ్లాక్‌జాక్‌లో లెక్క కట్టలో మిగిలినదాని గురించి. ఇక్కడ ఎదుటివాడు ఎత్తినది, పారవేసినది కూడా లెక్కే. చతుర్ముఖ పారాయణమని ఇంటివారు ఎగతాళి చేసే ఆటలో ఇంత గణన ఉంది.

ఆ తీర్పు వచ్చేనాటికి రాజాం ప్రాంతంలో అమలులో ఉన్నది హైదరాబాదు చట్టం కాదు, 1930 నాటి మద్రాసు జూద చట్టం. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం ఈ రెండు వారసత్వాలను ఒక్కటి చేసి, కేవలం నైపుణ్యంతో కూడిన ఆటలకు 15వ సెక్షనులో మినహాయింపునిచ్చింది. (2022లో రాజాం శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాకు మారింది.)

తరువాతి వాదోపవాదాలలో 1967 తీర్పులోని ఒక భాగం మరుగున పడింది. రమ్మీ నైపుణ్యక్రీడే అయినా, ఆట నడిపే యజమాని దానిపై లాభం గడిస్తే నేరం కావచ్చునని న్యాయస్థానం అక్కడే హెచ్చరించింది. ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు మొదటి భాగాన్నే పదేపదే ఉటంకించాయి. రెండవ భాగం నేరుగా తాకేది మాత్రం వాటినే. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందెపు ఆటలను రమ్మీతో సహా నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న విచారణ లేకుండానే, నిషేధ పరిధిలోకి తెచ్చింది.