చీటి ఆఖరికి

కట్టెలు జర లోపలికి జరుపుర్రి, పొగ కండ్లల్ల పడతాంది. ఇందాకటి సంది ఇంటనే ఉన్న మీ లొల్లి. కొత్త బిషప్ ఎవరైతడు, దేవుని చిత్తం ఎవరి దిక్కున్నది అని. ఆ చిత్తం మీ పోన్లకే ముందుగాల వస్తాందారా?

మా నాయిన డోర్నకల్ దగ్గర ఉపదేశి. అజరయ్య అయ్యగారి చేతుల మీద నిర్ధారణ పొందినోడు. అయ్యగారు తిరునెల్వేలి దిక్కు అరవాయన. 1909ల ఈడికొచ్చి తెలుగు నేర్సుకున్నడు. 1912ల కలకత్తాల బిషప్ అయిండు. ఆంగ్లికన్ సంఘంల బిషప్ అయిన మనోళ్లల్ల ఆయనే మొదటోడు. నల్లాయన కింద తెల్లోళ్లెట్ల పనిజేస్తరని గొణిగినోళ్లు గప్పుడూ ఉన్నరు. డోర్నకల్ల పెద్దగుడి కట్టుడు ఏండ్లకేండ్లు సాగి, 1939ల ప్రతిష్ఠ అయింది. మా నాయినమ్మ ఎసరు పెట్టినప్పుడల్ల ఓ పిడికెడు బియ్యం తీసి మూలకున్న గురిగిల పోసేది. అది దేవునిది. ఇంట్ల బియ్యం నిండుకున్నా, పోరగాండ్లు ఏడ్చినా ఆ గురిగి మీద చెయ్యి ఏయనిచ్చేది కాదు.

1945 జనవరి ఒకటిన అయ్యగారు కన్నుమూసిండు. ఇగ ఆయన గద్దె మీద ఎవరు? ఏ వాడల చూసినా అదే ముచ్చట. ఇన్నేండ్లు మనోడు కూసున్న కాడ మళ్ల దొరను కూసోపెడతరా అని కొందరు. మనోడే కావాలె, నాకు కలల కనబడ్డదని కొందరు. ఆఖరికి అప్పటిదాంక సహాయ బిషప్‌గ ఉన్న ఇలియట్ దొరే వచ్చిండు.

మా నాయినకది మింగుడుపడలే. అయినా కలలు చెప్పెటోళ్లను మాత్రం దగ్గరికి రానియ్యకపోయేది. కూసోపెట్టి మత్తీయ కత తీసెటోడు. యూదా ఇస్కరియోతు పోయినంక ఆ జాగల ఇంకొకన్ని పెట్టాలె గద. చీట్లు ఏసిండ్రని మీకందరికీ యాదుంటది. దానికి ముందటిది యాదుండదు. యోహాను బాప్తిస్మం నాటి సంది యేసయ్య ఎంబడి తిరిగినోడే కావాలె అని పేతురు మొదలు చెప్పిండు. అసుంటోళ్లను ఏరి ఇద్దరిని నిలవెట్టిండ్రు. యోసేపొకడు, మత్తీయొకడు. అటెన్క ప్రార్థన. చీటి అన్నిటికన్న ఆఖరికి. మన తెలివి ఏడికి పోతదో ఆడిదాంక నడిచినంకనే దేవుణ్ని అడిగిండ్రు. మీరు మొదలే చీటి ఏస్తాండ్రు, అదీ ఒక్కటే పేరు రాసి. అయినా ఆ రెండో ఆయన, యోసేపు, పేరు రాలేదని అలిగి ఇంకో గుడి పెట్టిండని ఏడన్న సదివిండ్రా?

అసలు గడబిడ తర్వాత వచ్చింది. ఆంగ్లికన్లు, వెస్లియన్ మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘపోళ్లు అందరు కలిసి ఒక్క సంఘం కావాలెనని 1919 నుంచి మాటలు నడుస్తనే ఉండె. తరంగంబాడిల ఆ మాట లేవదీసినోళ్లల్ల అజరయ్య అయ్యగారొకరు. ఆయన కండ్ల సూడకముందే పోయిండు. 1947 సెప్టెంబరు 27న మద్రాసుల సెయింట్ జార్జి కథీడ్రల్ల ఆ కలిసిన సంఘం, సీయెస్సై, పుట్టింది. వేరే సంఘాల నుంచి వచ్చినోళ్లను గూడ ఆ దినమే బిషప్‌లను జేసిండ్రు. ఇక్కడ మనం ఇంకా నైజాం రాజ్యంలనే, రజాకార్ల భయంల ఉంటిమి.

నంద్యాల దిక్కు ఎస్పీజీ అనే ఆంగ్లికన్ మిషనోళ్లు నాటిన సంఘాలుండె. వాండ్లల్ల శానమంది మేం రామన్నరు. బిషప్ చెయ్యి తలమీద పెట్టంగ పాదిరి అయినోళ్లు మావాళ్లు, అట్ల గానోళ్ల చేతి సంస్కారం మేమెట్ల తీసుకోవాలె అని వాండ్ల బాధ. వాండ్లూ మోకాండ్లూనినోళ్లే. ఉపాసముండి ప్రార్థన జేసినోళ్లే. కలిసినోళ్లకు కలువుమన్నడు, వాండ్లకు ఆగుమన్నడు ఆ దేవుడే. మరి ఎవరికి తప్పినట్టు?

మా నాయినను నేనీ మాటే అడిగిన. ఆయన చెప్పలే. కని నంద్యాలోళ్లను ఒక్కనాడు మొండోళ్లు అనలే, అననియ్యలే. ఆ దిక్కు నుంచి చుట్టాలొస్తే మంచమేసి కూసోపెట్టి, గుడి ముచ్చట తప్ప అన్నీ మాట్లాడెటోడు. దశాబ్దాలకు వాండ్లూ వచ్చి సీయెస్సైల కలిసిండ్రు. అప్పటికి కొట్లాడినోళ్లు సగానికి సగం సమాధుల తోటల ఉండిరి.

ఇలియట్ దొర సంగతా? పదేండ్లు చేసిండు. నచ్చని మా నాయిననే దొర బండి ముందట లాంతరు పట్టుకొని ఊర్లు తిప్పిండు.

ఇగ చాలు. కౌన్సిల్ల ఓటున్నది మీ పెదనాయినకు, నాకు గాదు. పోయి ఆయన చెవు కొరుకుర్రి.