వేలిముద్ర నుంచి ఆటోగ్రాఫ్ దాకా

అరసవల్లిలో అద్దె గదిలో ఉండి శ్రీకాకుళంలో చదువుకునే రోజుల్లో మేము నలుగురం కలిసి ఒక లావుపాటి నోటు పుస్తకం కొన్నాం. ఉత్తరాంధ్ర క్రీడాకారుల సంతకాలన్నీ అందులో చేర్చాలని మా ఆశ. సాయంత్రం పూట కోడి రామ్మూర్తి స్టేడియానికి వెళ్లేవాళ్లం. పోటీలున్న రోజుల్లో బరువులెత్తేవాళ్లు, కబడ్డీ ఆడేవాళ్లు, పరుగు పందేలకు వచ్చినవాళ్లు కనిపించేవారు. పుస్తకం చాపితే చెమట చేతులతోనే సంతకం పెట్టి ఇచ్చేవారు. రథసప్తమి జనంలో కూడా ఆ పుస్తకం మా సంచిలోనే ఉండేది. పాత ఆటగాళ్లెవరైనా స్వామి దర్శనానికి వస్తారేమోనని చూసేవాళ్లం.

ఇన్నేళ్ల తరవాత ఆ పుస్తకం తెరిస్తే సగం సంతకాలు ఎవరివో మాకే తెలియడం లేదు. ఒక గీత, ఒక మెలిక, కింద రెండు చుక్కలు. ఏ ఊరి మనిషో, ఏ ఆటో, ఏ సంవత్సరమో మేము రాసుకోలేదు. అందరూ గుర్తుంటారనుకున్నాం. ఇప్పుడు సంతకాలు సేకరిస్తున్న మన పిల్లలు, వాళ్లకు చెప్పే ఉపాధ్యాయులు ఆ తప్పు చేయకూడదనే ఇది రాస్తున్నాం.

మా పుస్తకంలో మొదటి పేజీ ఖాళీ. అది కోడి రామ్మూర్తి నాయుడు గారి కోసం వదిలింది. ఆయనది వీరఘట్టం. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఇనుప గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని, సొంత సర్కస్‌తో దేశాలు తిరిగి, కలియుగ భీముడనిపించుకున్నారు. 1942లో కన్నుమూశారు. ఆయన సంతకం మాకు దొరకలేదు. స్టేడియం పేరు మాత్రం చూసి రాసుకున్నాం.

రెండో పేజీ విజయనగరానిది. విజ్జీ అని పిలిచే విజయనగరం మహారాజకుమార్ 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. ఆ కాలంలో పర్యటనకు వెళ్లిన జట్లు ఒకే కాగితం మీద వరసగా సంతకాలు చేసి అభిమానులకు ఇచ్చేవి. అలాంటి కాగితాలను ఇప్పటికీ డబ్బిచ్చి కొనేవారున్నారు. రాజుల సంతకాలను దాచేవాళ్లకు ఏ కాలంలోనూ కొదవ లేదు.

మూడో పేజీ కరణం మల్లీశ్వరి గారిది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆమె ఊరు. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకున్నారు. 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత. మహిళల వెయిట్‌లిఫ్టింగును ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. ఆ ఏడాది సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. సంతకం కోసం వదిలిన చోటు ఇంకా అలాగే ఉంది. కానీ ఈ వివరాలన్నీ పక్కనే రాసి పెట్టాం. సంతకం లేకపోయినా ఆ పేజీ చదివితే ఒక చరిత్ర తెలుస్తుంది.

నెల్లిమర్ల మండలం కొండవెలగాడ పేరు విననివాళ్లు మన జిల్లాల్లో తక్కువ. ఇంటింటా బరువులెత్తేవాళ్లున్న ఊరు అది. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. తరవాత మొదటి స్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికింది. దాంతో సంతోషి పతకం రజతమైంది. పోటీ ముగిసిన రోజు రాసుకున్నవాళ్ల పుస్తకంలో కాంస్యం అని ఉంటుంది, తరవాత రాసినవాళ్ల పుస్తకంలో రజతం అని ఉంటుంది. రెండూ అబద్ధం కాదు. అందుకే సంతకం పక్కన తేదీ వేయాలి. మారిన సంగతిని కింద చేర్చాలి, పాత మాట కొట్టేయకూడదు.

ఇంతవరకూ చెప్పిన పేజీల్లో మన గూడేల మనిషి ఒక్కరూ లేరు. అది మాకు చాలా ఆలస్యంగా తట్టింది. మనకు ఆటలు లేకపోలేదు. మన ఆటలు స్టేడియంలో జరగలేదు, మేము స్టేడియం గేటు దగ్గరే నిలబడ్డాం.

అప్పుడు పుస్తకం పట్టుకుని సీతంపేట కొండల్లో ఒక సవర గూడేనికి వెళ్లాం. సంక్రాంతి పోటీల్లో ఆయన బాణం గురి తప్పేది కాదని ఊరంతా చెప్పుకునే తాత ఒకాయన ఉన్నాడు. ఆయనకు చదువు రాదు. కొత్త పేజీ తీసి, ఇంకు పూసిన వేలు ఇక్కడ వేయి తాతా అన్నాం. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏటి రాసున్నాదో ముందు సదివి సెప్పు. ఆ తరవాత ఏలిముద్ర ఏస్తాను."

పేజీలో ఏమీ రాసి లేదు. అదే ఆయన భయం.

ఆ భయానికి పెద్ద చరిత్ర ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. తరవాత ఆ మనిషి మాట తప్పకుండా బెదరాలనే అలా వేయించానని ఆయనే రాసుకున్నాడు. కాగితం మీద ఆ చేతి ముద్ర నమ్మకంతో కాక బెదిరింపుతో పడింది. మన ఏజెన్సీలో షావుకారి పత్రం మీద వేసిన వేలికి పొలం పోయింది, పంట పోయింది. ఎంతగా పోయిందంటే 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకు చట్టం చేసి, వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని, అనుమతి లేకుండా గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకూడదని చెప్పవలసి వచ్చింది. 1970లో 1/70 వచ్చింది. ఆ తాత అడిగిన ప్రశ్న వెనక ఇదంతా ఉంది.

మేము అక్కడే కూర్చుని పేజీ రాశాం. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, బాణం ఎవరు నేర్పారు, ఏ కట్టెతో విల్లు చేసేవాడు, ఎంత దూరంలో గురి పెట్టేవారు. రాసింది మాలో సవర వచ్చినవాడు ఆ భాషలో చదివి వినిపించాడు. తండ్రి పేరు తప్పు పలికితే ఆయన దిద్దాడు. అప్పుడు వేలు వేశాడు. మా పుస్తకంలో ఎవరిదో మాకు ఖచ్చితంగా తెలిసిన గుర్తుల్లో అది ఒకటి.

మనవాళ్లు ప్రపంచం ముందు ఆడింది నిన్నా మొన్నా కాదు. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన భారత హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా ఆదివాసీ. తరవాత రాజ్యాంగ సభలో మన తరఫున మాట్లాడిందీ ఆయనే. నిజామాబాద్ జిల్లా లంబాడీ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. 2025 నవంబరులో కొలంబోలో అంధ మహిళల మొదటి టీ20 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో మన పాడేరు మన్యం అమ్మాయి పాంగి కరుణకుమారి ఉంది. రేపు మన పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఇలాంటివాళ్ల దగ్గరికే వెళ్లాలి.

వెళ్లేటప్పుడు పాటించవలసినవి నాలుగే. పేరు ఆ మనిషి పలికినట్టే రాయండి. బడిలో చేర్చిన రోజే పేరు మారిపోయినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు, ఇంట్లో పిలిచే పేరు కూడా అడగండి. సవర పిల్లవాడు 1936లో మంగెయ్ గొమాంగో తయారుచేసిన సోరాంగ్ సోంపెంగ్ లిపిలో సంతకం పెడతానంటే పెట్టనివ్వండి, పక్కన తెలుగులో రాసుకోండి. ఊరు, ఆట, సంవత్సరం, తేదీ తప్పకుండా వేయండి. మొదట ఆట నేర్పింది ఎవరో అడగండి. చాలాసార్లు ఒక అన్నో, ఒక మేనమామో, హాస్టల్లో ఒక డ్రిల్లు మాస్టారో అయి ఉంటారు. ఆ పేరు పతకాల జాబితాలో ఎక్కడా దొరకదు. చివరిది, ఖాళీ పేజీ మీద ఎవరి చేతా సంతకం గాని వేలిముద్ర గాని తీసుకోవద్దు. రాసి, చదివి వినిపించి, ఆ తరవాతే అడగండి.

ఉపాధ్యాయులు తలుచుకుంటే ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఇలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. మండల పోటీల్లో గెలిచిన పిల్లతోనే మొదలుపెట్టవచ్చు. ఆ పిల్ల మొదటిసారి తన సంతకం పెట్టేది స్కాలర్‌షిప్ కాగితం మీదో, బ్యాంకు ఫారం మీదో కాకుండా తన గెలుపు రాసి ఉన్న పేజీ మీద అయితే బాగుంటుంది.

ఆ సవర తాత ఇప్పుడు లేడు. మొన్న ఆయన మనవడు వచ్చి ఆ పేజీ చూపించమన్నాడు. ఊరి పేరు, తండ్రి పేరు, విల్లు సంగతి అన్నీ చదివి, వేలిముద్ర మీద తన బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. ఫొటో తీసుకుని వెళ్లాడు.