డిజిటల్ ఛాయాచిత్రాల పరిమాణ తగ్గింపు: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

డిజిటల్ ఛాయాచిత్రాల ఫైలు పరిమాణాన్ని తగ్గించే ప్రయత్నాలు రెండు మార్గాల్లో సాగాయి. సమాచారం ఏమాత్రం పోకుండా క్లుప్తంగా రాయడం మొదటిది. కంటికి ఆనని వివరాన్ని తొలగించడం రెండవది. ఈ రెండు మార్గాల చరిత్రను వివరించి, తెలుగు రాత ఉన్న పాత పత్రాల చిత్రాలకు రెండవ మార్గం వల్ల కలిగే చిక్కును గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఛాయాచిత్రం, సంపీడనం, పిక్సెల్, కొసైన్ పరివర్తనం, జేపెగ్, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం

నేటి సెల్‌ఫోను కెమెరా తీసే ఛాయాచిత్రం 4000 × 3000 పిక్సెళ్లు ఉన్నదనుకుంటే, అందులో 1.2 కోట్ల చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను తెలపడానికి మామూలుగా 3 బైట్లు కావాలి. ఆ లెక్కన ఒక చిత్రానికి 3.6 కోట్ల బైట్లు, అంటే 36 మెగాబైట్లు అవసరం. కానీ అదే చిత్రం ఫోనులో కొద్ది మెగాబైట్లలోనే ఒదుగుతున్నది. ఉద్యోగ దరఖాస్తుకు జతచేసే ఫోటోను కొన్ని కిలోబైట్లకు కుదించడం కూడా నేడు మామూలు పనే. మిగిలిన బైట్లు ఏమైనాయన్నది ఇక్కడ వేసుకోవలసిన ప్రశ్న. పెళ్లి ఫోటోలను, తాతల నాటి ఉత్తరాలను, పొలం కాగితాలను చిత్రాలుగా దాచుకుంటున్న ప్రతి కుటుంబానికీ ఈ ప్రశ్నతో సంబంధం ఉంది.

2. క్లుప్త లేఖన మార్గం

1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ బృందం ఆయన పసిబిడ్డ ఫోటోను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తొలి డిజిటల్ చిత్రాల్లో ప్రసిద్ధమైన ఆ చిత్రం 176 × 176 పిక్సెళ్లది. చుక్కల సంఖ్య 31 వేలకు లోపే. అయినా నాటి యంత్రాల జ్ఞాపకశక్తికి అది పెద్ద బరువే.

సమాచారాన్ని కుదించడానికి కావలసిన సిద్ధాంతం అప్పటికే సిద్ధమై ఉంది. క్లాడ్ షానన్ 1948లో సమాచారాన్ని గణితపరంగా కొలిచే మార్గం చూపాడు. తరచుగా వచ్చే విలువకు పొట్టి సంకేతం, అరుదుగా వచ్చే విలువకు పొడవైన సంకేతం ఇచ్చే పద్ధతిని డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రకటించాడు. తెలుగువారి ఉత్తరాల్లోనూ ఇటువంటి పొదుపు ఉంది. ‘చి.ల.సౌ.’ అని రాసి ఉంటే చదివేవారు ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ అని పూర్తిగా చదువుకుంటారు. రాత తగ్గింది కానీ అర్థం తగ్గలేదు.

అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ 1977, 1978 సంవత్సరాల్లో ప్రకటించిన పద్ధతులు పదేపదే వచ్చే వరుసలను గుర్తించి క్లుప్తపరచాయి. 1984లో టెర్రీ వెల్చ్ దీనిని మెరుగుపరచగా, 1987లో వచ్చిన జిఫ్ రూపం ఆ పద్ధతినే స్వీకరించింది. అయితే జిఫ్ ఒక చిత్రంలో 256 రంగులకే పరిమితం. పైగా ఆ పద్ధతిపై పేటెంటు రుసుము వివాదం 1994 చివర తలెత్తింది. దానికి ప్రత్యామ్నాయంగా రూపొందిన పీఎన్‌జీ 1996లో ప్రమాణంగా వెలువడింది.

ఈ మార్గం గీతలకు, పటాలకు చక్కగా సరిపోయింది. ఛాయాచిత్రం సంగతి వేరు. ఆకాశంలోని నీలం కూడా చుక్కచుక్కకూ కొంత మారుతూనే ఉంటుంది. అచ్చంగా ఒకే రకమైన వరుసలు తక్కువ కనుక ఆదా కూడా తక్కువే.

3. తొలగింపు మార్గం

రెండవ మార్గానికి పునాది వేసినవారిలో బెంగళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్ ముఖ్యుడు. కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1972లో ఆయన కొసైన్ పరివర్తనంపై పరిశోధనకు అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానాన్ని సాయం కోరాడు. ఆలోచన మరీ సరళంగా ఉందన్న అభిప్రాయంతో ప్రతిపాదన తిరస్కరణకు గురైందని ఆయన 1991లో రాసిన వ్యాసంలో గుర్తుచేసుకున్నాడు. అయినా పని ఆపలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలోని కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో పరిశోధన పత్రం ప్రచురించాడు.

చిత్రంలోని చిన్న గడిని చుక్కల పట్టీగా కాక, నెమ్మదిగా మారే వెలుగు, వేగంగా మారే వెలుగు అనే పాళ్లుగా విడదీయడం ఈ పరివర్తనం చేసే పని. విడదీసినంత మాత్రాన ఏదీ పోదు. కానీ ఏ పాలు ముఖ్యమో, ఏది కాదో విడివిడిగా తెలుస్తుంది.

1986లో ఏర్పడిన ఛాయాచిత్ర నిపుణుల సంయుక్త బృందం ఈ ఆలోచనను ప్రమాణంగా మలచింది. ఆ బృందం ఆంగ్ల నామంలోని తొలి అక్షరాలే ‘జేపెగ్’ అయ్యాయి. తన ముందుకు వచ్చిన 12 ప్రతిపాదనలను బృందం మొదట 3కు తగ్గించింది. ఏ చిత్రం ఏ పద్ధతిదో తెలియకుండా మనుషులకు చూపించి, నాణ్యతను వారి కంటితోనే నిర్ణయింపజేసింది. 1988 జనవరిలో కొసైన్ పద్ధతి ఎంపికైంది. 1992లో ప్రమాణం ఆమోదం పొందింది. తీర్పరి మనిషి కన్నే అన్న విషయం ఇక్కడ కీలకం.

జేపెగ్‌లో తగ్గింపు ప్రధానంగా రెండు చోట్ల జరుగుతుంది. మనిషి కన్ను వెలుగులోని తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగులోని తేడాను పట్టదు. కనుక సాధారణంగా నాలుగేసి చుక్కలకు ఒకే రంగు సమాచారం ఉంచుతారు. 12 విలువల స్థానంలో 6 మిగులుతాయి. ఆ తరువాత చిత్రాన్ని 8 × 8 గడులుగా విడదీసి, ఒక్కొక్క గడిలో వచ్చే 64 పాళ్లను నిర్ణీత సంఖ్యలతో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తారు. వేగంగా మారే పాళ్లలో చాలావరకు సున్నాలవుతాయి. మిగిలినవాటిని హఫ్‌మన్ పద్ధతిలో క్లుప్తపరుస్తారు. ఆ విధంగా మొదటి మార్గం రెండవదానిలో భాగమైంది. కానీ సున్నా అయిన అంకె మళ్లీ రాదు. చిత్రాన్ని సవరించి జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ మరికొంత పోయే అవకాశం ఉంది.

4. తెలుగు రాత ఉన్న చిత్రాలు

ముఖం, చెట్టు, ఆకాశం వంటి దృశ్యాల్లో ఈ నష్టం కంటికి ఆనదు. అక్షరం విషయంలో అలా కాదు. తెల్లని కాగితంపై నల్లని గీత అంటే వెలుగు హఠాత్తుగా మారే చోటు. కుదింపు ఎక్కువైతే దాని చుట్టూ మసక చుక్కలు ఏర్పడతాయి. ద–ధ, డ–ఢ, ప–ఫ జంటల్లో భేదమంతా అడుగునున్న చిన్న గీతదే. సన్నని ఒత్తులదీ అదే స్థితి. చిత్రం చిన్నదై, కుదింపు పెరిగితే ఆ గీత మసకలో కలిసిపోతుంది.

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి లేఖక ప్రమాదాలు సుపరిచితం. అటువంటి ప్రమాదం యంత్రం వల్ల కూడా జరగవచ్చు. కొన్ని స్కానింగు యంత్రాలు కాగితంపై ఉన్న 6 అంకెను 8గా మార్చి ముద్రిస్తున్నాయని 2013లో జర్మన్ పరిశోధకుడు డేవిడ్ క్రీసెల్ బయటపెట్టాడు. అది జేపెగ్ దోషం కాదు. పోలికగల ఆకారాలను ఒకటిగా లెక్కించే వేరొక సంపీడన పద్ధతి ఫలితం. మసకబారిన అక్షరం చదువరిని హెచ్చరిస్తుంది. స్పష్టంగా కనిపించే తప్పు అక్షరం హెచ్చరించదు. కనుక అదే మరింత ప్రమాదకరం.

5. ముగింపు

2010లో వచ్చిన వెబ్‌పీ, 2019లో వచ్చిన ఏవిఫ్ జేపెగ్ కన్నా తక్కువ బైట్లలో దాదాపు అదే నాణ్యతను ఇవ్వగలవు. రూపం మార్చినా, మార్చకపోయినా చిత్రం కొలతలను తగ్గించడం సులభమైన ఉపాయం. 4000 × 3000 చిత్రాన్ని 1200 × 900కు మారిస్తే చుక్కలు సుమారు 11వ వంతుకు తగ్గుతాయి. తెరపై చూడడానికి సాధారణంగా అది చాలు.

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

1. క్లుప్త లేఖనం తిరిగి విప్పగలిగినది. తొలగింపు తిరిగి పూడ్చలేనిది.
2. ‘అనవసరం’ అన్న నిర్ణయం చూసే కంటిని బట్టి జరిగింది. భద్రపరచే అవసరాన్ని బట్టి కాదు.
3. పంచుకునే ప్రతిని ఎంతైనా తగ్గించవచ్చు. మూలప్రతిని మాత్రం తీసినది తీసినట్టుగానే విడిగా దాచాలి. పత్రాలను స్కాన్ చేసేటప్పుడు నష్టం లేని రూపాన్నే ఎంచుకోవాలి.

నకలు ఎంత మంచిదైనా మూలప్రతిని పారవేయరాదన్నది గ్రంథ పరిష్కర్తలు పాటించే నియమం. కుటుంబ ఛాయాచిత్రాలకూ అదే వర్తిస్తుంది.