అట్టల దండ నుంచి పెన్‌డ్రైవ్ దాకా: సూరత్ మగ్గాల జ్ఞాపకం

తాపీ నది ఒడ్డున మొగలాయిల కాలపు ప్రధాన రేవుగా వెలిగి, 1613లో ఆంగ్లేయుల వర్తక స్థావరానికి చోటిచ్చిన సూరత్‌ను నేటికీ పోషిస్తున్న వృత్తుల్లో నేత ముఖ్యమైనది. మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి తరలివెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో స్థిరపడగా, అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతున్నది.

బట్టపై విరియవలసిన పువ్వును మగ్గానికి ఎలా తెలియజేయాలన్నది నేతలో అతి పాత సమస్య. పూర్వం ఒక సహాయకుడు దారాలు లాగి పడుగును, అంటే నిలువు పోగులను, ఎత్తవలసి వచ్చేది. 1804లో ఫ్రాన్స్‌లోని లియోన్‌కు చెందిన జకార్డ్ రూపొందించిన యంత్రంలో ఆ పనిని రంధ్రాలు పొడిచిన అట్టలు చేపట్టాయి. ఒక్కో అట్ట ఒక్కో వరుస పేకకు, అంటే అడ్డపోగుకు, ఏ పడుగు పోగులు లేవాలో నిర్ణయిస్తుంది గనుక, దండగా కుట్టిన అట్టలను మారిస్తే చాలు, అదే మగ్గం మరో నమూనా నేస్తుంది. ఈ అట్టలనే ఇంగ్లండ్‌కు చెందిన బాబేజ్ తన గణన యంత్రపు ఊహలోకి తీసుకున్నాడు.

యంత్రానికి వెలుపల ఉన్న జ్ఞాపకాన్ని అవసరానికి జతచేసుకొనే ఈ పద్ధతి కమాండ్ లైన్‌లో, అంటే అక్షరాలతో ఆజ్ఞలిచ్చే తెరపై, స్పష్టంగా కనిపిస్తుంది. 1971 నాటి నిర్వహణ వ్యవస్థ యూనిక్స్‌లోనే ఉన్న ‘మౌంట్’ ఆజ్ఞ బయటి డిస్కును ఫోల్డర్ల చెట్టుకు ఒక కొమ్మగా అతికిస్తుంది. మరో నిర్వహణ వ్యవస్థ డాస్ మాత్రం ఫ్లాపీకి ఏ, హార్డ్ డిస్కుకు సీ అని అక్షరాలు కేటాయించింది. 1984లో సన్ సంస్థ తెచ్చిన, నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లను పంచే ఎన్‌ఎఫ్‌ఎస్‌తో, తీగకు అవతలి యంత్రంలోని డిస్కునూ సొంతదానిలా వాడుకొనే వీలు కలిగింది. డిస్కును తీసేముందు ‘అన్‌మౌంట్’ చేయాలన్న నియమానికి కారణం, రాయవలసిన సమాచారం కొంత ఇంకా మెమరీలోనే నిలిచి ఉండటమే.

మగ్గాల్లోనూ ఇదే మార్పు వచ్చింది: 1983లో మిలాన్ వస్త్ర యంత్రాల ప్రదర్శనలో నేత యంత్రాల సంస్థ బోనాస్ ఎలక్ట్రానిక్ జకార్డ్‌ను చూపిన తర్వాత అట్టల స్థానాన్ని విద్యుదయస్కాంతాలు ఆక్రమించగా, నమూనా ఫైలుగా మారి ఫ్లాపీలోకి, పెన్‌డ్రైవ్‌లోకి, నెట్‌వర్క్‌లోకి చేరింది. కాబట్టి పద్మశాలీ ఇంటి బిడ్డ కమాండ్ లైన్‌లో ఒక డ్రైవ్‌ను జతచేసినప్పుడు, అట్టల దండను మగ్గానికెక్కించిన పెద్దల పనినే కొనసాగిస్తున్నట్టు.