తల తిరుగువారికి కదలికయే మందు

తలకు పెద్ద దెబ్బ తగిలి మెదడు గాయపడినవారు ప్రాణముతో ఇల్లు చేరినప్పుడు, గండము గడచినదని మనము సంతోషింతుము. కట్టు విప్పుదురు, గాయము మానును. అయినను రోగి మంచముపై ఒత్తిగిలినంతనే గదియంతయు గిర్రున తిరుగును. చీకటిలో అడుగు తడబడును. పైకి కానరాని బాధ గనుక నమ్మువారు తక్కువ.

దీని మూలము తెలియుటకు చాలకాలము పట్టినది. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున ఫ్లూరెన్స్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పావురముల లోపలి చెవియందలి అర్ధవలయ నాళములను కోయగా, వాని వినికిడి చెడలేదు, నిలకడ చెడినది. 1861లో పారిస్ వైద్యుడు మెనియేర్, తలతిరుగుటకు లోపలి చెవియు కారణము కాగలదని తెలిపెను. తలదెబ్బ ఈ నాళములనైనను, వాని వార్తల నందుకొను మెదడునైనను చెరుపవచ్చును.

తల తిరుగువాడు కదలక పడియుండుట మేలని తోచుట సహజము. 1940లలో ఇంగ్లండు వైద్యులు కాథోర్న్, కుక్సీ ఇందుకు విరుద్ధమైన మార్గమును చూపిరి. చురుకుగా కదలువారే త్వరగా కోలుకొనుట గమనించి, వారు వ్యాయామములను వరుసగా కూర్చిరి: మొదట పడుకొని కన్నులు త్రిప్పుట, పిదప తల త్రిప్పుట, కూర్చుండి ముందుకు వంగుట, నిలిచి బంతి విసరి పట్టుట, తుదకు కన్నులు మూసి నడచుట. చెవి పంపు తప్పుడు వార్తను కన్నులు, పాదములు పంపు వార్తలతో సరిచూచుకొన మెదడు ఇట్లు నేర్చుకొనును. కదలనిచో ఆ నేర్పు అబ్బదు.

నేటి చికిత్సకును ఇదియే పునాది. వైద్యుని అనుమతి పొందిన పిమ్మట రోగి తూలుచు అడుగు వేయునప్పుడు, మనము అతనిని తిరిగి పండుకొనబెట్టక ప్రక్కన నిలిచి చేయూత నీయవలెను.